జవాబు కొంచెం ఆగి చెబుదాం: విశాఖ గణిత ఉపాధ్యాయులకు ఒక బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని పాఠశాలల్లో, జూనియర్ కళాశాలల్లో గణితం బోధిస్తున్న మిత్రులకు,

నమస్కారం.

నేను ముప్పై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి, పదవీ విరమణ తర్వాత మద్దిలపాలెంలో ఉంటున్నవాడిని. ఒలింపియాడ్ లెక్కలంటే ఇష్టపడే పిల్లలూ, వాళ్లకు దారి చూపాలనుకునే మనమూ కలిసి నడుపుకుంటున్న వాట్సాప్ బృందం ద్వారా మీలో చాలామందికి నేను తెలుసు. ఈ మాటలేవో ఆ బృందంలోనే రాయవచ్చు గదా అని మీకు అనిపించవచ్చు. అక్కడ ఉదయం రాసినది సాయంత్రానికి నలభై సందేశాల కింద పడిపోతుంది. పైగా నేను చెప్పదలచినది ఆ బృందంలో లేని ఉపాధ్యాయులకు కూడా సంబంధించినదే. అందుకే బహిరంగంగా రాస్తున్నాను. దీన్ని ఆరోపణగా తీసుకోకుండా, పిల్లలు ఆలోచించకముందే జవాబు చెప్పేసే తప్పును ఏళ్ల తరబడి చేసిన ఒక తోటి ఉపాధ్యాయుడి విన్నపంగా చదవమని కోరుతున్నాను.

కొన్ని వారాల కిందట గాజువాక నుంచి ఒక ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి బృందంలో ఒక లెక్క పెట్టింది. ఒక వృత్తం మీద ఆరు బిందువులు తీసుకొని, ప్రతి రెండింటినీ ఒక జ్యాతో కలిపితే వృత్తం లోపలి భాగం ఎన్ని ముక్కలవుతుందన్నది ప్రశ్న. నాలుగు నిమిషాలు తిరగకముందే ముగ్గురం 32 అని జవాబిచ్చాం. ముగ్గురం అనడంలోనే నేనూ ఉన్నానని మీకు అర్థమై ఉంటుంది. బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకొని, రెండో చేత్తో టైపు చేశాను. ఒక బిందువు ఉంటే 1, రెండుంటే 2, మూడుంటే 4, నాలుగుంటే 8, ఐదుంటే 16 ముక్కలు వస్తాయి కాబట్టి తరువాతిది 32 కాక మరేమవుతుందన్న ధీమా మాది. ఒక అబ్బాయి 30 అని రాస్తే, దాని కింద ఎవరో రెండు నవ్వు బొమ్మలు పెట్టారు. పావుగంట తరువాత మనలో ఒకరు వచ్చి, సరైన జవాబు 31 అని, బిందువుల నుంచి రెండేసి ఎంచుకునే విధాలకు నాలుగేసి ఎంచుకునే విధాలను కలిపి, దానికి ఒకటి చేరిస్తే చాలునని సూత్రం ఇచ్చారు. అందరం బొటనవేలి గుర్తులు పెట్టాం. అంతటితో ఆ లెక్క ముగిసిపోయింది, మరో లెక్క వచ్చింది.

ఆ ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర కలిసినప్పుడు ఆ అమ్మాయి తన నోటు పుస్తకం చూపించింది. అందులో చేత్తో గీసిన వృత్తం ఉంది, ప్రతి ముక్కలోనూ పెన్సిల్‌తో వేసిన అంకె ఉంది, చివరి అంకె 31. బృందంలో లెక్క పెట్టడానికి ముందే ఆమె లెక్కించుకుంది. క్రమం ప్రకారం 32 రావాలి గదా, తనకు 31 ఎందుకు వస్తోందో తెలుసుకుందామని అడిగింది. ముగ్గురు మాస్టార్లు 32 అనేసరికి ఒక ముక్కను ఎక్కడో చూడకుండా వదిలేశాననుకొని, ఒక గీతను కాస్త పక్కకు జరిపి గీసి, 32వ ముక్క కోసం గంటసేపు వెతికిందట. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నన్ను ఇంతగా సిగ్గుపడేలా చేసిన నోటు పుస్తకం మరొకటి లేదు.

ఆ రోజు మనం పోగొట్టుకున్నది ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ముందుగా ఆ 30 సంగతి. ఆ అబ్బాయి వృత్తం మీద బిందువులను సమాన దూరాల్లో పెట్టి, లోపల క్రమ షడ్భుజి వచ్చేలా గీశాడు. అలా గీస్తే ఎదురెదురు శీర్షాలను కలిపే మూడు జ్యాలు కేంద్రం దగ్గర ఒకే బిందువులో ఖండించుకుంటాయి. మామూలుగా ఆ మూడింటి మధ్య ఏర్పడవలసిన చిన్న త్రిభుజం మాయమవుతుంది. అందుకే 31కి బదులు 30 వస్తుంది. అంటే అతని జవాబు అతని బొమ్మకు సరైనదే. ఏ మూడు జ్యాలూ లోపల ఒకే బిందువు గుండా పోకూడదన్న నియమం ప్రశ్నలో లేకపోవడమే అసలు లోపం. ఆ లోపాన్ని మనలో ఎవ్వరం గమనించలేదు, గమనింపజేసిన పిల్లవాడికి దక్కినవి నవ్వు బొమ్మలు.

ఇక ఆ సూత్రం. అది గుర్తుపెట్టుకోవలసినది కాదు, పుట్టే తీరు చూడవలసినది. జ్యాలను ఒక్కొక్కటిగా గీస్తూ పోతే, ప్రతి కొత్త జ్యా ముందు నుంచి ఉన్న ముక్కల సంఖ్యను ఒకటి పెంచుతుంది. అది దారిలో దాటిన ప్రతి ఖండన బిందువూ మరొకటి పెంచుతుంది. ఆరు బిందువులకు జ్యాలు 15. వృత్తం మీద ఏ నాలుగు బిందువులు తీసుకున్నా లోపల సరిగ్గా ఒక ఖండన బిందువును ఇస్తాయి కాబట్టి ఖండన బిందువులు కూడా 15. మొదట ఉన్న ఒక్క ముక్కతో కలిపి 1+15+15=31. రెట్టింపులు ఎందుకు వస్తున్నట్టు కనిపించాయో, ఆరు దగ్గర ఎందుకు ఆగిపోయాయో ఈ మాటలోనే ఉంది. పది బిందువులతో వేసి చూస్తే 1+45+210 అయి మళ్లీ రెట్టింపుల వరుసలోనిదే అయిన 256 వస్తుందన్న తమాషాను పిల్లలే కనిపెట్టి ఉండేవారు. మూడు జవాబులు, మూడు వేర్వేరు ఆలోచనలు చేతికి వచ్చిన రోజున మనం ఇరవై నిమిషాల్లో సభ ముగించి ఎవరి పనికి వాళ్లం వెళ్లిపోయాం.

మన తొందరకు కారణం మన స్వభావం కాదనీ, మనం రోజూ చేసే పని అనీ నాకు తెలుసు. జేఈఈ తరగతిలో ఒక ప్రశ్నకు రెండున్నర నిమిషాలకు మించి ఇవ్వలేం. సరైన దానికి నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత ఉన్నచోట, ఎలా వచ్చిందన్న ప్రశ్న కంటే ఎంత వచ్చిందన్న ప్రశ్నే పెద్దదవుతుంది. ఒలింపియాడ్ దారిలో మొదటి మెట్టయిన ఐఓక్యూఎం అనే అర్హత పరీక్ష కూడా పైకి చూస్తే అలాగే ఉంటుంది: మూడు గంటలు, ముప్పై ప్రశ్నలు, వంద మార్కులు, ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు ఒక పూర్ణ సంఖ్య, దిద్దేది యంత్రం. అక్కడ 31 అని గుండ్రాలు నింపిన పిల్లకూ, ఊహించి నింపిన పిల్లవాడికీ తేడా ఉండదు. తేడా తరువాతి మెట్టు మీద తెలుస్తుంది. ప్రాంతీయ ఒలింపియాడ్‌లో మూడు గంటలకు ఆరు లెక్కలే ఉంటాయి, జవాబు మాత్రమే రాస్తే దాదాపు ఏమీ రాదు, ఉపపత్తి, అంటే నిరూపణ, మొత్తం రాయాలి. 1959లో రొమేనియాలో మొదలై, 1989 నుంచి మన దేశం పాల్గొంటున్న అంతర్జాతీయ ఒలింపియాడ్‌లోనైతే రోజుకు నాలుగున్నర గంటలు, మూడే లెక్కలు. ప్రపంచంలోని మేటి విద్యార్థులకు ఒక్కో లెక్కకు గంటన్నర ఇస్తుంటే, మనం మన పిల్లలకు నాలుగు నిమిషాలు ఇచ్చాం.

మన నగరంలో ఐఓక్యూఎం దాటి ప్రాంతీయ స్థాయిలో ఆగిపోయిన పిల్లలతో మాట్లాడినప్పుడల్లా నాకు ఒకటే వినిపిస్తుంది: 'జవాబు తెలిసింది సార్, రాయడం రాలేదు.' రాయడం రాకపోవడానికి కారణం వాళ్లు రాసినదాన్ని ఎవరూ చదివి, ఈ వాక్యం నుంచి ఆ వాక్యానికి ఎలా వచ్చావని అడగకపోవడం. ఆ అడిగే పనికి మన బృందం కంటే మంచి చోటు లేదు. దాన్ని మనం జవాబులు పంచే కౌంటరుగా మార్చుకున్నాం.

జవాబు ఇవ్వకుండా సాయం చేయడం జవాబు ఇవ్వడం కంటే కష్టమైన పని. 1959 వేసవిలో బుడాపెస్ట్‌లో పాల్ ఎర్డోష్ అనే హంగరీ గణితవేత్త, ఇంకా పన్నెండేళ్లు నిండని లాయోష్ పోషా అనే పిల్లవాడితో భోజనానికి కూర్చొని, 1 నుంచి 2ఎన్ వరకు ఉన్న సంఖ్యల్లో ఏ ఎన్+1 సంఖ్యలు తీసుకున్నా వాటిలో రెండు తప్పక పరస్పర ప్రధాన సంఖ్యలవుతాయని నిరూపించమన్నాడు. పిల్లవాడు సూప్ తాగుతూ అర నిమిషం ఊరుకొని, అన్ని సంఖ్యలు తీసుకుంటే రెండు పక్కపక్కవి ఉండక తప్పదు గదా అన్నాడు. పక్కపక్క సంఖ్యలకు ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి నిరూపణ అయిపోయింది. ఆ తేలిక నిరూపణ కనిపెట్టడానికి తనకు పది నిమిషాలు పట్టిందని ఎర్డోష్ తరువాత చెప్పుకున్నాడు. ఈ కథ చెప్పేవాళ్లు పిల్లవాడి వేగాన్ని పొగుడుతారు. ఆ అర నిమిషం ఎర్డోష్ నోరు విప్పకపోవడమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ పిల్లవాడు పెద్దయ్యాక, పిల్లలు తామే కనుక్కునేలా గణితం నేర్పే శిబిరాలకు పేరుపొందాడు.

దీనికి దగ్గరి బంధువైన లెక్క ఒకటి ఈ వేసవిలో మన ఆదివారం పిల్లలకు ఇచ్చాను. 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లో ఏ 51 తీసుకున్నా, వాటిలో ఒకటి మరొకదాన్ని శేషం లేకుండా భాగిస్తుందని చూపాలి. ఈసారి బృందంలో ఎవరూ జవాబు పెట్టవద్దని ముందుగానే బతిమాలుకున్నాను. మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజు, పెద్ద లెక్క కదలకపోతే చిన్నది చేసి చూడండి, 1 నుంచి 10 వరకు ఆరు తీసుకోండి అని ఒక్క వాక్యం రాశాను. మూడో రోజు గోపాలపట్నం అబ్బాయి ఒకడు, 51 నుంచి 100 వరకు ఉన్న యాభై సంఖ్యల్లో ఏదీ దేన్నీ భాగించదు కాబట్టి 51 అనే సంఖ్యను తగ్గించడం కుదరదని రాశాడు. అడగని ప్రశ్నకు వచ్చిన ఆ జవాబు నాకు అడిగినదాని కంటే నచ్చింది. నాలుగో రోజు ఉదయం, ప్రతి సంఖ్యనూ బేసి వచ్చేదాకా రెండుతో భాగిస్తూ పోతే ఏం మిగులుతుందో చూడమన్నాను. మధ్యాహ్నానికి ముగ్గురు వేర్వేరుగా పూర్తి చేశారు: 1 నుంచి 100 లోపు బేసి సంఖ్యలు యాభయ్యే కాబట్టి 51 సంఖ్యల్లో రెండింటికి ఒకే బేసి భాగం మిగలాలి, ఆ రెండింటిలో చిన్నది పెద్దదాన్ని భాగిస్తుంది. యాభై గూళ్లలో యాభై ఒక్క పావురాలు చేరితే ఏదో ఒక గూట్లో రెండు ఉండక తప్పదు గదా. నాలుగు రోజుల్లో నేను రాసినవి రెండే వాక్యాలు. ఆ రెండూ ఎప్పుడు రాయాలో తేల్చుకోవడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది.

లెక్క వేసి ఎదురుచూడడం మనకు కొత్త కాదు. 1911లో భారత గణిత సంఘం పత్రికలో రామానుజన్ ఒక ప్రశ్న వేశాడు. వర్గమూలం లోపల ఒకటికి రెండు రెట్లు మరో వర్గమూలాన్ని కలిపి, ఆ మూలం లోపల ఒకటికి మూడు రెట్లు ఇంకో వర్గమూలాన్ని కలిపి, అలా అంతులేకుండా పోతే విలువ ఎంత అని. ఆరు నెలలు దాటినా పాఠకుల నుంచి సమాధానం రాకపోతే ఆయనే రాశాడు: విలువ 3. ఏ సంఖ్యకైనా దాని కంటే రెండు ఎక్కువైన సంఖ్య వర్గం, ఒకటి ఎక్కువైనదానినీ మూడు ఎక్కువైనదానినీ గుణించి ఒకటి కలిపినదానికి సమానమన్న చిన్న మాటను మళ్లీ మళ్లీ వాడితే చాలు. (ఆ అంతులేని ప్రక్రియ నిజంగా ఒక విలువ దగ్గర నిలుస్తుందని ఆయన అక్కడ నిరూపించలేదన్నది వేరే సంగతి, మన పిల్లల్లో ఎవరైనా ఆ లోటు పట్టుకుంటే సంతోషిస్తాను.) అంతకు ఆరేళ్ల ముందు, 1905 ఆగస్టులో, గణితం తప్ప మిగతా పాఠాలు పట్టించుకోక ఉపకార వేతనం పోగొట్టుకున్న అదే కుర్రవాడు ఇల్లు వదిలి మన విశాఖ దిక్కుగా బయలుదేరి రాజమండ్రిలో కొంతకాలం ఉన్నాడు. అతను ఇక్కడి దాకా వచ్చి మన తరగతుల్లో కూర్చుని ఉంటే మనం అతన్ని ఏం అడిగి ఉండేవాళ్లమా అని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది.

ఇప్పుడు ఒక కఠినమైన మాట చెప్పాలి. ఇంట్లో కూర్చొని రాసి పంపే ఎంపిక పరీక్షలు కొన్ని నడుస్తున్న రోజుల్లో, ఆ ప్రశ్నలు 'అర్జంటు డౌట్ సార్' అన్న మాటతో మన బృందంలోకి రెండుసార్లు వచ్చాయి. మనం అడిగిన పిల్లల్ని ఏమీ అనకుండా పూర్తి సాధనలు ఇచ్చాం. ఒకసారి నాకు అనుమానం వచ్చి కూడా ఊరుకున్నాను. అది సాయం కాదు, ఆ పరీక్షను నిజాయితీగా రాస్తున్న మరో పిల్లకు అన్యాయం. అంతర్జాతీయ ఒలింపియాడ్‌కు పరిశీలించి వాడని లెక్కల జాబితాను మరుసటి ఏడాది పోటీ ముగిసేదాకా బయటపెట్టకపోవడానికి కారణం, ఎన్నో దేశాలు తమ జట్ల ఎంపిక పరీక్షలకు వాటినే వాడుకోవడం. అక్కడివారికి ఉన్న ఆ పట్టింపు మనకూ ఉండాలి. కాబట్టి లెక్క పెట్టేవారు అది ఎక్కడి నుంచి తెచ్చారో, దాని గడువు ముగిసిందో లేదో చెప్పాలని, చెప్పకపోతే ఎంత పెద్దవారు పెట్టినా ఎవరూ జవాబు ఇవ్వకూడదని నా ప్రతిపాదన. దీనిలో మాత్రం సడలింపు వద్దు.

మనం ఆగినా ఫోన్ ఆగదు గదా, ఫొటో తీస్తే చాలు జవాబు వస్తుంది గదా అని మీలో కొందరు అంటారు. నిజమే. 2025 జూలైలో గూగుల్ డీప్‌మైండ్, ఓపెన్‌ఏఐ సంస్థల కృత్రిమ మేధ వ్యవస్థలు ఆ ఏడాది అంతర్జాతీయ ఒలింపియాడ్‌లోని ఆరు లెక్కల్లో ఐదింటిని సాధించి, 42కు 35 మార్కులతో స్వర్ణ పతకం స్థాయిని అందుకున్నాయి. జవాబుకు కరువు లేని రోజులివి. అందువల్లనే మనం కూడా మరో జవాబు యంత్రంలా ఉండడంలో అర్థం లేదు. 31 లెక్కించిన అమ్మాయికి కావలసింది 'నువ్వు 31 ఎలా లెక్కించావు?' అన్న ఒక్క ప్రశ్న. అది ఆమె ముఖం తెలిసిన మనిషి అడిగితే ఉండే బరువు వేరు.

భాష విషయం కూడా. మన బృందంలో రాతలన్నీ ఇంగ్లీషులోనో, ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనో నడుస్తున్నాయి. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా చదివి వచ్చిన పిల్లలు చూస్తూ ఊరుకుంటున్నారే గాని రాయడం లేదు. శేషం, కారణాంకం, బేసి, సరి, వైరుధ్యం, గణితానుగమనం వంటి మాటలు వాళ్లు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నవే. వాటితో పూర్తి ఉపపత్తి రాయవచ్చు. ముందు తెలుగులో తడబడకుండా వాదించడం వస్తే, తరువాత ఏ భాషలోనైనా రాయడం పెద్ద పని కాదు. పెద్దవాళ్లం మనం ఒకరిద్దరం తెలుగు అక్షరాల్లో మొదలుపెడితే వాళ్లకు ధైర్యం వస్తుంది.

ఇంకొక చిన్న మాట. 'ఇది చాలా ఈజీ' అని లెక్క కింద రాయడం మానేద్దాం. అది రాసిన వ్యక్తికి ఈజీ కావచ్చు, రెండు రోజులుగా దానితో కుస్తీ పడుతున్న పిల్లకు అది ఒక మొట్టికాయ. గెలిచిన తరువాత పిల్లలే 'ఇంత ఈజీనా సార్' అని అన్నప్పుడు వినడానికి బాగుంటుంది.

నేను కోరేది ఇంతే: లెక్క వచ్చిన తరువాత కనీసం ఒక రాత్రి గడవనిద్దాం, ఆ తరువాత కూడా ముందు సూచన, అది చాలకపోతే ఇంకో సూచన, పూర్తి సాధన రాసే హక్కు మొదట పిల్లలది. రాసినది తప్పయినా దాన్ని తీసేయించకుండా, ఎక్కడ తప్పిందో వాళ్లే కనుక్కునేదాకా అడుగుతూ ఉందాం. కళాశాలల్లో పనిచేస్తున్నవారు వారానికి ఒక్క గంట, పరీక్షతో సంబంధం లేకుండా, ఒకే ఒక లెక్క మీద తరగతి నడిపేందుకు మీ యాజమాన్యాలను అడిగి చూడండి. కాదంటే ద్వారకానగర్ గ్రంథాలయం దగ్గర ప్రతి ఆదివారం పదింటికి మేము ఉంటున్నాం, మీరూ పిల్లల్ని తీసుకొని రండి. రెండు కుర్చీలు ఎక్కువ వేయిస్తాం.

వచ్చే ఆదివారానికి గాజువాక అమ్మాయి, ఆ 30 అన్న అబ్బాయి కలిసి తయారుచేసిన ప్రశ్న ఇది. వృత్తం మీద ఆరు బిందువులను మనకు నచ్చిన చోట పెట్టుకోవచ్చు. ప్రతి రెండింటినీ జ్యాతో కలపాలి. లోపల సరిగ్గా 29 ముక్కలు వచ్చేలా ఆ బిందువులను అమర్చగలమా? గలమంటే బొమ్మ గీయాలి, లేమంటే ఎందుకు లేమో చూపాలి. మీకు జవాబు వెంటనే తట్టినా, దయచేసి ఆదివారం పదింటిదాకా బృందంలో పెట్టకండి.

భవదీయుడు,
మద్దిలపాలెం నుంచి ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు
విశాఖపట్నం